రెండిళ్ళ కోడలు

షెడ్డులో, ఇంజన్ల కింద దూరి పనిచేసే మూడో గుంత దగ్గరికి వచ్చేసరికి కసిందాకు నడుం పట్టేసింది. చీపురు నేలకు ఆనించి, రెండు అరచేతులూ దాని పిడి మీద వేసి, వంగిన నడుంతోనే కాసేపు నిలబడింది. గబుక్కున నిటారుగా లేస్తే నొప్పి కాళ్ళలోకి దిగుతుందని ఆమెకు తెలుసు. ఎనిమిదేళ్ళుగా రోజూ ఇక్కడే పట్టేస్తోంది, రోజూ ఇక్కడే ఆగుతోంది. గుంతలో నిలిచిన వాననీళ్ళ మీద నూనె తెట్టు కట్టింది. రేకుల కప్పుకున్న చిల్లుల్లోంచి పొద్దుటి ఎండ చారలుగా దిగి ఆ తెట్టు మీద రంగులు పుట్టిస్తోంది.

యాభై తొమ్మిదేళ్ళ మనిషి. పొట్టి. ముంజేతులు మాత్రం లావుగా, నరాలు తేలి ఉంటాయి. చిన్నప్పటినుంచీ కట్టెలు మోసిన చేతులు. కింది పళ్ళు రెండు ఊడిపోయాయి. వర్క్‌షాపు వాళ్ళిచ్చిన నీలం కోటు మగవాళ్ళది కావడంతో చేతులు రెండేసి మడతలు పెట్టుకుని, నడుం దగ్గర గుడ్డపేలికతో బిగించుకుంటుంది. సవింబు రైల్వే వర్క్‌షాపులో పనిచేసే నలభై మందిలో ఆమె పేరు తెలిసినవాళ్ళు పదిమంది కూడా ఉండరు. మిగతావాళ్ళకు ఆమె ఊడ్చే అత్త. అంతే.

గుంత చుట్టూ ఊడ్చి, మసిగుడ్డల బుట్ట నెత్తిన పెట్టుకుని వెనకవైపు ఆవరణలోకి నడిచింది. అక్కడ మోకాలెత్తు గడ్డిలో చచ్చిపోయిన ఇంజన్లు వరసగా నిలబడి ఉన్నాయి. మొత్తం పదకొండు. అంతర్యుద్ధం ఆగి తొమ్మిదేళ్ళయినా వాటి జోలికి ఎవరూ వెళ్ళలేదు. వాటి రాగీ ఇత్తడీ ఎప్పుడో ఎవరో ఊడదీసుకుపోయారు. నంబరు పలకలు అంతకు ముందే పోయాయి. ఇప్పుడు లైను మీద కొత్త పట్టాలు పడుతున్నాయి, డీజిల్ బళ్ళు వస్తున్నాయి, స్థలం కావాలి. నిన్ననే ఇనుము కోసే గ్యాస్ సిలిండర్లు లారీలో వచ్చి దిగాయి. ఎల్లుండి నుంచి కోత.

మొదటి ఇంజన్ దగ్గర గుమాస్తా అబీలియో పెద్ద రిజిస్టరు గుండెలకు ఆనించుకుని నిలబడ్డాడు. పాతికేళ్ళ కుర్రాడు, రాజధానిలో చదువుకుని కిందటేడే ఈ పీఠభూమికి వచ్చాడు, చలికి ఎప్పుడూ ముక్కు కారుతుంటుంది. పక్కన ఎవరిస్తో మేస్త్రీ చేతులు వెనక్కి కట్టుకుని ఇంజన్ని పైనుంచి కిందికి చూస్తున్నాడు.

"నూట నలభై మూడని రాసెయ్. ఎవడొచ్చి అడుగుతాడు?" అన్నాడు మేస్త్రీ.

"అడుగుతారు మేస్త్రీ. నంబరు తేలకుండా ఒక్కదాన్నీ కొయ్యకూడదని కాగితం వచ్చింది."

"చచ్చిన గొడ్డుకి పేరేంటయ్యా? చర్మం ఒలిచి తూకం వెయ్యడమేగా."

కసిందా వాళ్ళ పక్కనుంచే వెళుతోంది. ఆగాలని ఆగలేదు. నోటివెంట మాట దానంతటదే వచ్చేసింది.

"అది నూట నలభై మూడు కాదు."

ఇద్దరూ తిరిగి చూశారు. "ఏంటత్తా?" అన్నాడు అబీలియో.

"నూట నలభై మూడుకి పొగగొట్టం అంచు చిట్లి ఉంటుంది. లుపాలా మలుపులో జామాయిల్ కొమ్మ విరిగి పడితే చిట్లింది. ఇది నూట ముప్పై ఎనిమిది. దగ్గు ఇంజన్."

మేస్త్రీ పకపకా నవ్వాడు. "చూశావా! చీపురు పట్టేదానికి ఇంజన్ల జాతకాలు కూడా తెలుసు. దీని పెళ్ళెప్పుడైందో అదీ చెప్పు కసిందా."

"దీని పెళ్ళి సంగతి నాకు తెలియదు గానీ, నువ్వు పనిలో చేరిన మొదటి వారం దీని బూడిద లాగుతూ లాగు కాల్చుకున్నావు. రేకు ముక్క వెనక అడ్డం పెట్టుకుని ఇంటికెళ్ళావు. మా అమ్మ చచ్చేదాకా చెప్పి నవ్వేది."

దూరంగా సిలిండర్లు దింపుతున్నవాళ్ళు గొల్లుమన్నారు. మేస్త్రీ ముఖం ముడుచుకున్నాడు, కానీ కాదనలేదు. అబీలియో మాత్రం నవ్వలేదు. అతనికి వారం రోజులుగా నిద్ర లేదు. పాత డ్రైవర్లు, ఫిట్టర్లు ఎవరూ మిగల్లేదు, ఎవర్నడగాలో తెలియదు.

"ఎలా నమ్మాలత్తా? నేను సంతకం పెట్టాలి."

కసిందా బుట్ట దించింది. "వెనక చక్రాల దగ్గర ఒక ఇనుప కడ్డీ మిగిలింది చూడు. దాని చివర మట్టి గీకు."

అబీలియో గడ్డిలో మోకాళ్ళేసి, తాళంచెవితో తుప్పు గీకాడు. కాసేపటికి అంకెలు తేలాయి. ఒకటి, మూడు, ఎనిమిది. లేచి మోకాళ్ళు దులుపుకోవడం కూడా మరిచిపోయి రిజిస్టరు తెరిచాడు.

"పద అత్తా. మిగతావి కూడా."

ఆమె ఇంజన్లను నేర్చుకున్నది బడిలో కాదు. లుపాలా మలుపు దగ్గర ఆ రోజుల్లో ఒక కట్టెల దిబ్బ ఉండేది. ఈ లైను మీద ఇంజన్లు బొగ్గు తినేవి కావు, జామాయిల్ కట్టెలు తినేవి. లైను పొడవునా ఆ తోటలే. కసిందా తల్లి ఆ దిబ్బలో కట్టెలు పేర్చే కూలి. కసిందాకన్నా ముందు పుట్టినవాళ్ళు కవలలు, జాంబా, హోసి. కవలల తరవాత పుట్టిన పిల్లకి ఈ నేలలో పేరు వెతుక్కోనక్కర్లేదు, అది కసిందాయే. ముగ్గురూ ఆ దిబ్బ మీదే పెరిగారు. రోజుకు ఆరు బళ్ళు. ప్రతి ఇంజనూ అక్కడ ఆగి నీళ్ళు తాగి, కట్టెలు నింపుకుని పోయేది. ముందొక నీళ్ళ తొట్టి, వెనకొక కట్టెల తొట్టి, రెంటి మధ్య పల్లకీలా వేలాడే బాయిలరు, ముందూ వెనకా వేరువేరు చక్రాల గుంపులు. కొత్తవాళ్ళకు అన్నీ ఒక తల్లి పిల్లల్లాగే కనిపిస్తాయి. తల్లికి మాత్రం పిల్లలు ఒకలా కనిపిస్తారా?

వాళ్ళ ఆట ఒకటే. తల్లి చుట్టుగుడ్డ తల మీద కప్పుకుని, పట్టాకి చెవి ఆనించి పడుకోవాలి. మలుపు అవతల ఉన్న ఇంజన్ ఏదో చెప్పాలి. జాంబా ఒక్కసారి కూడా తప్పలేదు. హోసి ఎప్పుడూ ఓడేవాడు. ఓడలేక గుడ్డ సందులోంచి దొంగచూపులు చూసేవాడు. కసిందా జాంబా దగ్గర నేర్చుకుంది. చెవితో ముందు, తరవాత చేత్తో. ఇంజన్ ఆగిన అరగంటా వాళ్ళు దాని చుట్టూ తిరిగి తడిమేవాళ్ళు. వేడి ఇనుము ఎక్కడ పట్టుకోవచ్చో, ఎక్కడ పట్టుకుంటే చర్మం ఊడుతుందో చేతులకే తెలుసు.

రెండో ఇంజన్ దగ్గర ఆమె ఎక్కువసేపు ఆగలేదు. "నూట ఇరవై తొమ్మిది. తలుపు గడియ ఎడమకి తిరుగుతుంది దీనికొక్కదానికే." మూడోదాని తొట్టి అంచు మీద చెయ్యి పోనిచ్చి, అక్కడ వరసలో రెండు మేకుల చోటు ఖాళీగా ఉందని చూపించి, "నూట అరవై. పక్కవాద్యం" అంది. ఆవిరి కారడంలో అది సన్నగా పాడినట్టుండేదట. నాలుగోది సగం కాలిపోయి ఉంది. దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, పొగగొట్టం అంచు వేళ్ళతో తడిమి, "ఇదిగో నీ నూట నలభై మూడు" అంది. అబీలియో రాసుకుంటున్నాడు. అతని చేతిరాత మొదటి పేజీలో ఉన్నట్టు బిగుసుకుని లేదు ఇప్పుడు. మేస్త్రీ కూడా కొంచెం వెనగ్గా నడుస్తూ వస్తున్నాడు. ఎనిమిదో ఇంజన్ దగ్గర ఆమె తడబడితే, "కొత్త బాయిలరు వేశాం దానికి, నేనే వేశాను" అని అందించాడు. ఇద్దరూ ఒక్కసారే "నూట యాభై ఆరు" అన్నారు. మేస్త్రీ మొహం తిప్పుకున్నాడు, కానీ నవ్వు ఆపుకోలేకపోయాడు.

అన్నేళ్ళలో తను చెప్పిన మాట ఎవరైనా రాసుకోవడం కసిందాకు ఇదే మొదటిసారి. నడుం నొప్పి ఎటుపోయిందో గుర్తులేదు.

పదో ఇంజన్ దాటాక గడ్డి తొక్కి నలిగి ఉంది. చివరిదాన్ని కిందటి వారమే తెచ్చి పడేశారు. కొత్త పట్టాలు వేసేవాళ్ళు దాన్ని ఎక్కడో వంతెన కిందనుంచి క్రేనుతో లాగి, బండి మీద ఇక్కడికి పంపారు. ఆమె ఆ పక్క ఊడ్వడానికి ఇంతవరకూ రాలేదు. అది కొంచెం పక్కకు ఒరిగి ఉంది. మధ్యభాగం అడుగున ఇనుము కిందనుంచి పైకి చీలి పువ్వులా విచ్చుకుంది. ఎర్రమట్టి ఎండి పొలుసులుగా ఊడుతోంది.

"ఇది మరీ ఎవరికీ తెలియదు" అన్నాడు అబీలియో.

ఆమె ముందు తొట్టి చూసింది. వరసగా ఉబ్బెత్తు మేకుల తలలు, చిన్నప్పుడు చేత్తో లెక్కపెట్టినవాటి లాంటివి. వెనక్కి నడిచింది. వెనక తొట్టికి ఒక్క మేకు కూడా లేదు, నున్నగా అతికించిన రేకు. మళ్ళీ ముందుకొచ్చింది. ఎక్కే చోట ఎడమపక్క మెట్టు చూసింది. మెట్టు రేకు కాదు, పాత పట్టా ముక్కని సాగగొట్టి బిగించింది, దాని మీద అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. కసిందా చెప్పు విడిచి, అరికాలు ఆ అక్షరాల మీద పెట్టింది.

ఆ లైను మీద అలాంటిది ఒక్కటే. ఆమె పుట్టకముందు ఎక్కడో రెండు ఇంజన్లు ఎదురెదురుగా గుద్దుకుంటే, ఒకదాని ముందు సగం, ఇంకోదాని వెనక సగం తెచ్చి ఇదే వర్క్‌షాపులో కలిపారు. వెనక చక్రాలు ముందువాటికన్నా అరిగిపోయినవి. రెండు నడకలూ కలిసేవి కావు. కాసేపు జోడుగా కొట్టుకుని, కాసేపు విడిపోయి, మళ్ళీ కలిసేవి. పట్టా మీద చెవి పెడితే ఇద్దరు మనుషులు తగువులాడుకుంటూ నడిచొస్తున్నట్టు ఉండేది. "అదిగో, రెండిళ్ళ కోడలు వస్తోంది" అని గుడ్డ కిందనుంచే అరిచేవాడు జాంబా. పేరు తల్లి పెట్టింది. జాంబాకు ఇరవై రెండేళ్ళప్పుడు ఆ ఇంజన్ మీదే కట్టెలు వేసే పని దొరికితే, ఇంటిల్లిపాదీ ఆ రోజు కోడిని కోసుకున్నారు.

"అత్తా? తెలుసా ఇది?"

"నూట యాభై ఒకటి."

అబీలియో రిజిస్టరు తిప్పాడు. తిప్పి, వేలు పెట్టి ఆగాడు. "ఉంది. కానీ ఇక్కడ లేనట్టే రాశారు. ఎనభై మూడు మార్చిలో బయల్దేరింది, తిరిగి రాలేదు."

"ఇంకేం రాశారు?"

"డ్రైవరు బెర్నార్డో కపోకో. కట్టెలు వేసేవాడు..." అతను తల ఎత్తి, జీతాల పట్టీలో అదే ఇంటిపేరున్న ఆమె ముఖం చూసి, మళ్ళీ పేజీ చూశాడు. "జాంబా చివిందా."

"చదువు."

"వద్దులే అత్తా."

"నాకు చదవడం రాదు బాబూ. నువ్వే చదవాలి."

"ఇంజన్‌తో సహా అవతలి పక్షం వైపు పారిపోయినట్టు విచారణలో తేలింది. సాక్షి..." అతని గొంతు తగ్గింది. "సాక్షి, సోదరుడు, హోసి చివిందా."

మేస్త్రీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అతనికీ ఆ సంగతి తెలుసు. సవింబులో ఆ వయసు వాళ్ళందరికీ తెలుసు.

"ఇది ఎక్కడ దొరికింది?" అడిగింది కసిందా.

"లుసావ వాగు వంతెన కింద."

లుసావ అంటే తూర్పుకి నలభై కిలోమీటర్లు లేదు. ఆ బండి వెళ్ళాల్సిన దారే అది. ఆ రోజుల్లో ఆ వైపు ఆరు నెలలపాటు ఎవరూ వెళ్ళలేదు, తరవాత వంతెనే లేదు. ఆమె విచ్చుకున్న ఇనుము వైపు చూస్తూ నిలబడింది.

"లోపల ఎవరైనా..."

"ఇద్దరివి ఎముకలు దొరికాయన్నారు అత్తా. మందుపాతరలు తీసేవాళ్ళు వాగు గట్టునే పూడ్చి రాళ్ళు పేర్చారట. పేర్లు తెలియవు కదా."

"తెలియవు" అంది ఆమె. బుట్ట కోసం చుట్టూ చూసింది. అది మొదటి ఇంజన్ దగ్గరే వదిలేసి వచ్చింది.

మధ్యాహ్నం గంటకి ఇంటికి వెళ్ళింది. వర్క్‌షాపు గోడ వెనకే మట్టి ఇటుకల గదులు రెండు. ఒకటి ఆమెది, ఒకటి హోసిది. మధ్యలో వాకిలి, ఒక పొయ్యి. పెళ్ళయిన నాలుగేళ్ళకు ఆమె మొగుడు, పట్టాల పాయింట్లు మార్చే ఉద్యోగి, "నీ అన్న పేరు నా కాగితాల్లోకి ఎక్కితే నన్ను కూడా లారీ ఎక్కించి పట్టుకుపోతారు" అని ఆమె మూట తెచ్చి ఈ వాకిట్లోనే దింపి పోయాడు. అప్పటికే తల్లిని రైల్వే గది ఖాళీ చేయించారు. తల్లి ఇంకో పదకొండేళ్ళు బతికింది. జాంబా కోసం ఏడవలేదు, ఏడవనివ్వలేదు. పారిపోయినవాడికి చావు మేళం ఎలా పెడతారు? చచ్చినవాడి కోసం ఇంటి ముందు కూర్చుని ఊరందరికీ అంబలి పొయ్యాలి. పారిపోయినవాడి ఇంటి ముందు నుంచి ఊరే పక్కకు తప్పుకుని నడిచింది. ఆఖరి రోజుల్లో ఆవిడ హోసి చేత్తో ఇచ్చిన నీళ్ళు తాగలేదు. తిట్టింది కూడా లేదు. పేరు పెట్టి పిలవడం మానేసిందంతే.

హోసి గుమ్మంలో పీట మీద కూర్చుని చిలగడదుంపలు గీకుతున్నాడు. పోతపని చేసినవాడు. ఊపిరితిత్తుల్లో ఇసుక చేరిందన్నాడు డాక్టరు. నాలుగు ముక్కలు గీకి ఆగుతాడు, ఊపిరి తీసుకుంటాడు, మళ్ళీ గీకుతాడు. భార్య పోయింది. పిల్లలు ముగ్గురూ తీరం వైపు వెళ్ళిపోయారు.

"అన్నా" అంది ఆమె. "రెండిళ్ళ కోడలు వచ్చింది."

కత్తి ఆగింది. "ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేంటి? మెట్టు మీద కాలు పెట్టి చూశాను."

"పొరబడి ఉంటావు. అన్నీ ఒకలాగే ఉంటాయి."

"నీకు ఒకలాగే ఉంటాయి. నువ్వెప్పుడూ గుడ్డ సందులోంచి చూసేవాడివి."

అతను నవ్వబోయాడు. దగ్గు వచ్చింది. ఆమె అది తగ్గేదాకా ఆగింది.

"ఎక్కడిదట?"

"లుసావ వంతెన కిందిది."

"లుసావ." అతను దుంప చిప్పలో పెట్టాడు. "అంటే ఇవతలే."

"ఇవతలే. కింద మందుపాతర పేలింది. ఇద్దరి ఎముకలు దొరికాయట." ఇంకా చెప్పాలనుకుంది కానీ మాట మార్చింది. చిన్నప్పుడు పొరుగింట్లో కవలల్లో ఒక పిల్ల పోతే తల్లి వీళ్ళకు గట్టిగా చెప్పింది, చచ్చిందనకండి, కట్టెలకి వెళ్ళిందనండి, రెండోది వింటే అదీ పోతుంది అని. "జాంబా కట్టెలకి వెళ్ళాడన్నా" అంది కసిందా.

హోసి కత్తి కూడా చిప్పలో పెట్టేశాడు.

"ముందురోజు సాయంత్రం బావి దగ్గర వాడు నాతో అన్నాడు, రేపు నాతో వచ్చెయ్‌రా అని. ఆ రోజుల్లో అలా అంటే ఒకటే అర్థం. ఎక్కడికని నేనడగలేదు. అడిగితే తెలిసినవాణ్ణవుతానని భయమేసింది. తరవాత ఆఫీసరు అడిగాడు, వెళ్ళేముందు నీతో ఏమైనా అన్నాడా అని. ఉన్నమాటే చెప్పాను. ముగ్గురు పిల్లలు. చెప్పకపోతే..." ఊపిరి అందలేదు. "వాడు నన్నొదిలేసి పోయాడనుకున్నాను కసిందా. ఇన్నేళ్ళూ వాడి మీద కోపమే."

"పిన్ని ఊరికి రమ్మన్నాడు నిన్ను. మొక్కజొన్న విత్తనాలకి. రెండు బస్తాలు ఒక్కడే దించలేడని అమ్మే చెప్పి పంపింది, హోసిని కూడా తీసుకెళ్ళు అని. నేను పక్కనే ఉన్నాను."

అతను తల ఎత్తాడు. "ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"వాడు నీతో ఏమన్నాడో నువ్వు మాకెప్పుడైనా చెప్పావా?"

ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నారు. ఒక్క సాయంత్రం ఈ నాలుగు ముక్కలూ పైకి అని ఉంటే సరిపోయేది.

"నా సంగతీ విను" అంది ఆమె. "ఎనిమిదేళ్ళ కిందట ఈ పనికి పేరు రాసుకునేటప్పుడు అడిగారు, అన్నదమ్ములెందరు అని. ఒక్కడే అన్నాను. నోరు తిరిగింది నాకు. నీకు ముగ్గురు పిల్లలుండి అన్నావు. నాకు ఎవరూ లేకుండానే అన్నాను."

హోసి గోడ పట్టుకుని లేచాడు. "పద, చూపించు."

గోడ వెంట ఆ రెండు వందల అడుగులు నడవడానికి వాళ్ళకు అరగంట పట్టింది. గేటు దగ్గర కాపలావాడు ఏమీ అడగలేదు. హోసి ఇంజన్ చుట్టూ తిరిగాడు, ముందు మేకుల మీద, వెనక నున్నటి రేకు మీద అరచెయ్యి ఆనించుకుంటూ. విచ్చుకున్న చోట చెయ్యి పెట్టలేదు.

"అదే" అన్నాడు. "నన్ను పైకెక్కించు."

ఆమె మోచెయ్యి కింద భుజం పెట్టి ఎక్కించింది. ఎముకలే, ఏం బరువు లేదు. లోపల సీట్లు లేవు, ఆవిరి కొలిచే గడియారాలు లేవు, వాటి గుండ్రటి రంధ్రాలే. కట్టెలు వేసేవాడు నిలబడే వైపు ఒక ఇనుప గట్టు మిగిలి ఉంది. హోసి దాని మీద కూర్చుని, ఎదురుగా నోరు తెరిచి ఉన్న కొలిమిలోకి చూశాడు. అందులో ఎండిన ఎర్రమట్టి.

"నువ్వు పోయి పని చూసుకో. కాసేపు కూర్చుంటాను."

"చలేస్తుంది."

"ఎండ ఉందిగా. పో."

ఆమె సరాసరి అబీలియో గదికి వెళ్ళింది. ఎప్పుడూ గుమ్మంలోనే ఆగి చెత్తబుట్ట అందుకునే మనిషి, ఈసారి లోపలికి వచ్చి బల్ల ముందు నిలబడింది.

"నూట యాభై ఒకటి దగ్గర రాయి బాబూ. ఇద్దరూ పనిలో ఉండి పోయారని."

"దీంట్లో నంబరుకొక్కటే గడి ఉందత్తా."

"పక్కన చోటు లేదా?"

చోటుంది. అతను పెన్ను మూత తీసి, అంచు పొడవునా చిన్న అక్షరాలతో రాశాడు. రాసింది పైకి చదివాడు. ఆమె మళ్ళీ చదవమంది. మూడోసారి జాంబా పేరు వచ్చిన చోట వేలు పెట్టి, "ఇక్కడా?" అని అడిగింది. ఇక్కడే అన్నాడు. ఆ చోటును ఆమె బాగా చూసుకుంది. వెళ్ళేముందు బుట్టలో చెత్త తీసుకుని వెళ్ళింది.

తరవాత షెడ్డు రెండో వైపు ఊడ్చింది. మసిగుడ్డలు చాకలి సోడా నీళ్ళలో ఉడకబెట్టి, పిండి, తీగ మీద ఆరేసింది. చిన్నప్పుడు జాంబా ముఖం ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోతే ప్రతిసారీ హోసి ముఖమే వచ్చింది. ఇద్దరిదీ ఒకే ముఖం. ఎన్ని ఇంజన్లనైనా విడదీయగలిగిన ఆమె తన అన్నల్ని చెవి పక్క మచ్చతో తప్ప ఆనవాలు పట్టలేకపోయేది. ఆ మచ్చ ఎవరికుండేదో ఇప్పుడు గుర్తులేదు.

సాయంత్రం పట్టా ముక్క మీద సుత్తితో గంట కొట్టారు. అందరూ గేటు వైపు నడుస్తుంటే ఆమె వెనక్కి నడిచింది. పొద్దు ఇంజన్ల వెనకగా దిగుతోంది. కిందనుంచే "అన్నా, చలి దిగుతోంది, రా" అంది. పలకలేదు. మెట్టెక్కింది. హోసి గట్టు మీదే ఉన్నాడు, తల వెనక రేకుకు ఆనింది, ఒక చెయ్యి ఒళ్ళో ఉంది, రెండోది కొలిమి అంచు మీద. చెయ్యి తాకి చూసింది. ఇనుమెంత చల్లగా ఉందో అదీ అంతే ఉంది. ఊపిరి కోసం ఎప్పుడూ పైకెత్తి ఉండే భుజాలు మొదటిసారి కిందికి దిగి ఉన్నాయి.

ఆమె వెంటనే ఎవర్నీ పిలవలేదు. గట్టు మీద మిగిలిన చోట సర్దుకుని కూర్చుంది. కాసేపటి తరవాత వెతుక్కుంటూ వచ్చిన అబీలియో కిందనుంచి "అత్తా?" అన్నాడు.

"మేస్త్రీని పిలువు. ఇంకో ఇద్దర్ని తీసుకురమ్మను. మెల్లగా దించాలి."

మూడు రోజులు ఆమె వాకిట్లో మేళం పెట్టారు. ఇద్దరికీ కలిపి. ఎవరిస్తో మేస్త్రీ క్వార్టర్ల వెంట ఇంటింటికీ తిరిగి, లుసావ కింద ఏం దొరికిందో తనే చెప్పాడు. తల్లి పోయినప్పుడు రాని ఆడవాళ్ళు ఈసారి కుండలతో అంబలి తెచ్చి, నేల మీద కూర్చున్నారు. వాళ్ళలో ఒకామె ఏడుస్తూ, "మాకేం తెలుసమ్మా అప్పుడు" అంది. కసిందా ఆమె కుండ అందుకుని పక్కన పెట్టింది.

నాలుగో రోజు పనిలోకి వెళ్ళేసరికి పెద్ద ఆఫీసు నుంచి జాబితా టైపై వచ్చింది. పదకొండు నంబర్లు, పదకొండూ సరిగ్గా ఉన్నాయి. అంచున రాసింది ఏదీ అందులో లేదు. చేత్తో రాసిన రిజిస్టరు తన దగ్గరే ఉందని అబీలియో చెప్పాడు, ఆమె అడగకముందే. "ఉండనీ" అంది.

జాబితా కోసం ఆగిన కోత చివరి ఇంజన్ నుంచి మొదలుపెట్టారు, లారీ ఆ వైపు నుంచే తేలిగ్గా వస్తుందని. రెండు రోజుల్లో రెండిళ్ళ కోడలు ముందు సగం ఒక లారీలో, వెనక సగం ఇంకో లారీలో వెళ్ళిపోయింది. ఇనుప పొట్టు ఊడ్వడానికి కసిందా చీపురుతో వెళ్ళింది. ఇంజన్ ఉన్నంత మేర గడ్డి నలిగి, మాడి ఉంది. ఎక్కే మెట్టు ఉండిన చోట, కంకర మీద, కోత మనుషులు ఎవరూ కదపని హోసి చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి. లారీ టైరు ముక్కలతో కోసినవి, ఎడమదాని పట్టీ తెగితే ఇనుప తీగతో కట్టుకున్నవి, ఇంట్లోకి వెళ్ళేముందు గుమ్మంలో విడిచినట్టు రెండూ పైకెక్కే వైపుకే తిరిగి ఉన్నాయి.